మారే కొలతలు, మారని కొలతలు

పుట్టి అంటే ఎంత? ఈ ప్రశ్న నెల్లూరు జిల్లా రైతును అడిగితే 850 కిలోలని తడుముకోకుండా చెబుతాడు. పక్క ప్రాంతాలకు వెళ్ళి అదే ప్రశ్న అడిగితే ఇదే జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. తాతల కాలంలో పుట్టి అసలు బరువే కాదు, పాత్రతో కొలిచే కొలత. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఎక్కం అందరిదీ ఒకటే. కానీ ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచానికి సరిపోయేది కాదు. గింజలు అప్పిచ్చేటప్పుడు ఒక కుంచం, తిరిగి రాబట్టుకునేటప్పుడు మరో కుంచం వాడిన ఆసాముల గురించి మన పెద్దలు చెప్పుకోగా మనం విన్నాం. కిలోలు వచ్చాక ఆ బాధ తీరిందా అంటే, పూర్తిగా తీరలేదు. కోతల కాలంలో తేమ ఉందనీ, తాలు ఉందనీ చెప్పి పుట్టికి 850 మీద మరికొన్ని కిలోలు అడగడం మన కళ్ళముందు జరుగుతున్నదే. పేరు పుట్టే, బరువు మాత్రం అడిగేవాని బలాన్ని బట్టి మారుతుంది.

ప్రియ పాఠకులారా, ఇక్కడే ఒక పెద్ద ప్రశ్న పుడుతుంది. మనుషులు పెట్టుకున్న కొలతలన్నీ ఇలా మారిపోయేవే అయితే, ఎవరి బలానికీ లొంగని కొలత లోకంలో ఏదైనా ఉన్నదా? ఉన్నదని శాస్త్రం చెబుతుంది. వాటినే స్థిరాంకాలంటారు. ఇంటర్మీడియట్ చదివే మీ పిల్లల పుస్తకం వెనక పట్టికలో వరుసగా ఉంటాయి. పిల్లలు వాటిని పరీక్ష కోసం బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మరచిపోతారు. కానీ అవి మార్కుల కోసం మాత్రమే ఉన్నవి కావు. 'కాలం మారింది, కాబట్టి అన్నీ మారాల్సిందే' అనే మాట ఈ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తున్నది. ఆ మాటలో ఎంత నిజమున్నదో తూచి చూడడానికి ఈ స్థిరాంకాలు మనకు సాయపడతాయి.

ముందుగా గణితం. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి, చక్రం అడ్డకొలతకు మూడు రెట్లు, ఆపైన ఇంకొంచెం ఇనుము తీసుకుంటాడు. ఆ 'ఇంకొంచెం' ఎంత అన్నదే పై అనే స్థిరాంకం. బండి చక్రమైనా, బావి గట్టయినా, గాజు అయినా, చుట్టుకొలతను అడ్డకొలతతో భాగిస్తే వచ్చేది ఒక్కటే, 3.14159 అని మొదలై ఎన్నడూ ముగియని సంఖ్య. క్రీస్తు శకం 499లో ఆర్యభటుడు 20,000 అడ్డకొలత గల వృత్తానికి 62,832 చుట్టుకొలత వస్తుందని లెక్క చెప్పాడు. అంటే 3.1416. ఇది ఉజ్జాయింపు విలువ మాత్రమేనని కూడా ఆయనే చెప్పాడు. ఆ వినయం గమనించదగినది. 1761లో లాంబర్ట్ అనే పండితుడు ఈ సంఖ్యను ఏ భిన్నంగానూ రాయలేమని నిరూపించాడు. మనం బడిలో నేర్చుకున్న 22/7 పనికి సరిపోయే దగ్గరి విలువ మాత్రమే.

కొందరు మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు. రాజుల మొదటి గ్రంథం 7వ అధ్యాయంలో సొలోమోను దేవాలయానికి చేయించిన కంచు తొట్టి అడ్డం పది మూరలు, చుట్టుకొలత ముప్పై మూరలు అని ఉన్నది కదా, అలాగైతే బైబులు ప్రకారం పై విలువ 3 కావాలి కదా అని. దీనికి తడబడనక్కరలేదు. ఆ గ్రంథకర్త జ్యామితి పాఠం చెప్పడం లేదు. తొట్టి ఎంత పెద్దదో మూరల్లో, పూర్తి సంఖ్యల్లో చెబుతున్నాడు. అదే అధ్యాయంలో తొట్టి అంచు మందం బెత్తెడని కూడా ఉన్నది. అడ్డం అంచు బయట కొలిచారా, లోపల కొలిచారా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. మన ఊళ్ళో 'చెరువు చుట్టూ మూడు మైళ్ళు' అని ఎవరైనా అంటే ఆయన్ను అబద్ధాలకోరు అని అనం కదా! ఏ మాట ఏ పనికోసం చెప్పబడిందో తెలుసుకొని చదవడం కూడా సత్యాన్ని గౌరవించడమే.

సర్వశక్తిమంతుడైన దేవుడు పై విలువను మార్చగలడా? ఉపదేశ తరగతుల్లో తెలివైన పిల్లలు ఇలాంటివే అడుగుతారు. పునీత థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో తన వేదాంత సంగ్రహం మొదటి భాగం, 25వ ప్రశ్నలో దీనికి దారి చూపించాడు. తనలో తానే పొసగని మాట అసలు ఒక వస్తువును సూచించదు, కాబట్టి దాన్ని చేయలేకపోవడం శక్తిలో లోటు కాదు అని ఆయన వాదన. చదునైన కాగితం మీద గీసిన గుండ్రని వృత్తం వృత్తంగానే ఉండాలి, దాని పై విలువ మాత్రం 4 కావాలి అంటే, మనం ఏదో కష్టమైన పని అడిగినట్లు కాదు, ఏమీ అడగనట్లే. గణిత స్థిరాంకాల స్వభావం ఇది. అవి వేరుగా ఉండడానికి వీలే లేదు.

ఇక రసాయన శాస్త్రానికి వద్దాం. దానికి ప్రయోగశాల అక్కరలేదు, మన తీరంలోని ఉప్పు కొటారులు చాలు. మడిలోకి పారించిన సముద్రపు నీరు ఎండకు ఇగిరి, చిక్కదనం సుమారు 25 డిగ్రీల బామేకు చేరినప్పుడు ఉప్పు గింజ కట్టడం మొదలవుతుంది. ఆ గింజలో 23 పాళ్ళ సోడియానికి 35.5 పాళ్ళ క్లోరిన్ కలిసి ఉంటుంది. మన కొటారులో పండిన ఉప్పయినా, పంజాబు గనుల్లో తవ్విన రాతి ఉప్పయినా, మట్టి మరక, ఇతర లవణాలు తీసేస్తే ఈ పాళ్ళు మారవు. ప్రూస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1799లో చెప్పిన స్థిరానుపాత నియమం ఇదే. వంటలో ఉప్పు ఎంత వేయాలన్నది ఇల్లాలి ఇష్టం. ఉప్పులో సోడియం ఎంత ఉండాలన్నది ఎవరి ఇష్టమూ కాదు.

సముద్రమే ఇంకో వింత చెబుతుంది. ప్రపంచ సముద్రాల నీటిలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలుంటాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ వంటి నదులు వచ్చి కలవడం వల్ల బంగాళాఖాతం అంత ఉప్పన కాదు. అయినా నదీముఖాలను విడిచి కాస్త లోపలికి వెళ్తే, ఆ లవణాల మధ్య పాళ్ళు మాత్రం అన్ని సముద్రాల్లోనూ దాదాపు ఒకటే. క్లోరైడు సుమారు 55 శాతం, సోడియం 30 శాతం పైచిలుకు, మిగిలినవి సల్ఫేటు, మెగ్నీషియం వగైరా. 1872 నుండి 1876 వరకు ఛాలెంజర్ అనే ఓడ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన 77 సీసాల సముద్రపు నీటిని డిట్మార్ అనే ఆయన పరీక్షించి 1884లో ఈ సంగతి ప్రకటించాడు. ఇది పై వంటి తప్పనిసరి సత్యం కాదు. యుగాలుగా సముద్రాలు కలిసి కలిసి ఏర్పడిన నిలకడ. నిలకడల్లో కూడా తరగతులున్నాయని మనం గమనించాలి.

రసాయన శాస్త్రంలో అందరికీ తెలిసిన స్థిరాంకం అవగాడ్రో సంఖ్య. అమెడియో అవగాడ్రో ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి. శ్రీసభ చట్టంలో పట్టం పొందిన న్యాయవాది. తర్వాత భౌతికశాస్త్రం మీద మనసు పెట్టాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఒత్తిడి ఉంటే సమాన పరిమాణం గల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో చెప్పాడు. ఆయన బతికుండగా ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ అణువుల సంఖ్య ఎంతో ఆయనకూ తెలియదు. 1909లో జాన్ పెరాన్ అనే శాస్త్రజ్ఞుడు దానిని కొలిచి, అవగాడ్రో పేరు పెట్టాడు. 18 గ్రాముల నీటిలో, అంటే మూడు నాలుగు చిన్న చెంచాల నీటిలో, 602 పక్కన 21 సున్నలు పెట్టినన్ని అణువులుంటాయి. అయితే జాగ్రత్తగా చూడండి. ఈ సంఖ్యలో సగం ప్రకృతిది, సగం మనది. అణువులున్నాయన్నది, వాటికి కచ్చితమైన బరువున్నదన్నది ప్రకృతి సత్యం. గ్రాము అన్నది మనం పెట్టుకున్న కొలత. మన పూర్వులు గ్రాముకు బదులు తులాన్ని ప్రమాణంగా పెట్టి ఉంటే ఆ సంఖ్య వేరుగా వచ్చేది. అణువు మాత్రం అదే అణువు.

భౌతిక శాస్త్రంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పిల్లలు బడిలో రెండు అక్షరాలు నేర్చుకుంటారు, చిన్న జీ, పెద్ద జీ. చిన్న జీ అంటే వస్తువు కిందికి పడేటప్పుడు సెకనుకు సెకనుకు పెరిగే వేగం. అది స్థిరాంకం కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83, చంద్రుడి మీద 1.62. స్ప్రింగు కాటాకు ఒక సంచి తగిలించి చంద్రుడి మీదకు తీసుకెళ్తే ఆరో వంతే చూపిస్తుంది. కానీ రెండు పళ్ళేల తక్కెడను తీసుకెళ్తే, ఇక్కడ కిలో రాయితో సరితూగిన వస్తువు అక్కడ కూడా సరితూగుతుంది. ఎందుకంటే తక్కెడ ఒక వస్తువును మరో వస్తువుతో పోలుస్తుంది. రెంటినీ లాగే బలం ఒకేలా తగ్గుతుంది. మన అవ్వల కాలంనాటి తక్కెడ ఇంత తెలివైనదని చాలామందికి తెలియదు.

పెద్ద జీ సంగతి వేరు. రెండు వస్తువులు ఒకదానినొకటి ఎంత బలంతో ఆకర్షించుకుంటాయో చెప్పే విశ్వ గురుత్వ స్థిరాంకం అది. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గుండ్లను వేలాడదీసి, గదిలోకి తానైనా అడుగుపెట్టకుండా బయటి నుండి దుర్భిణీతో చూస్తూ భూమి సాంద్రతను కొలిచాడు. ఆ కొలత నుండే తర్వాతివారు ఈ విలువను రాబట్టారు. చింతచెట్టు నుండి కాయ రాలడానికీ, చంద్రుడు భూమి చుట్టూ తిరగడానికీ లెక్క ఒకటే.

ఆ లెక్క మన తీరం నుండే ఎన్నోసార్లు పరీక్షకు నిలిచింది. శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 1979 ఆగస్టులో ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన ఎస్‌ఎల్‌వి-3 విఫలమై సముద్రంలో పడింది. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. 1979లో ఓడిపోయింది మనుషులు చేసిన యంత్రం, ప్రకృతి నియమం కాదు. నియమమే మారేదైతే తప్పు ఎక్కడున్నదో వెతికి, దిద్దుకొని, మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నించడానికి ఆధారమే ఉండేది కాదు. ఇంకో మాట. శ్రీహరికోట 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా గీత మారింది. అక్కడ రాయి కిందపడే వేగం ఇసుమంతైనా మారలేదు. మనిషి గీసిన గీతకూ, సృష్టిలో ఉన్న గీతకూ తేడా ఇదే.

'ఇక్కడ సరే, అక్కడ కూడా ఇదే నియమం ఉన్నదని ఎలా నమ్మేది?' అని అడగవచ్చు. దీనికి జవాబు దొరికిన చోట్లలో ఒకటి మన గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్సు దేశం నుండి జాన్సెన్ గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున లేచే మంటల వెలుగును పట్టకం గుండా చూశాడు. మచిలీపట్నంలో పోగ్సన్ చూశాడు. ఆ వెలుగులో పసుపు గీత ఒకటి కనిపించింది. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది 587.6 దగ్గర ఉన్నది. తేడా చాలా చిన్నది. అయినా ప్రతి మూలకమూ తన గీతలను తన చోటనే గీస్తుందనీ, ఆ చోటు మారదనీ నమ్మినందువల్లనే, ఇది మనకు తెలియని మూలకమని లాకియర్ అనగలిగాడు. సూర్యుని పేరుమీద హీలియం అన్నారు. 27 ఏండ్ల తర్వాత, 1895లో, రామ్సే అదే హీలియాన్ని భూమి మీద ఒక ఖనిజంలో కనుగొన్నాడు. గీత అదే చోట ఉన్నది. సూర్యుడిలోనూ భూమిలోనూ పదార్థానికి భాష ఒకటేనని తేలింది.

'ఇప్పుడు సరే, పూర్వం కూడా ఇలాగే ఉండేదా?' అని మరో ప్రశ్న. పెద్ద జీ విలువ కాలంతో పాటు తగ్గుతున్నదేమో అని 1937లో డిరాక్ వంటి మహా మేధావే సందేహించాడు. ఇలా సందేహించడం తప్పు కాదు, పరీక్షించకుండా వదిలేయడమే తప్పు. 1972లో ఆఫ్రికాలోని గాబోన్ దేశంలో, ఓక్లో గని నుండి వచ్చిన యురేనియంలో ఒక చిన్న లోటు కనిపించింది. ఎక్కడి యురేనియంలోనైనా 235 రకం 0.720 శాతం ఉండాలి. ఇందులో 0.717 ఉన్నది. అంత చిన్న తేడానే పట్టుకొని వెతికితే, సుమారు 200 కోట్ల ఏండ్ల క్రితం ఆ నేలలో మనుషులెవరూ లేకుండానే అణు రియాక్టరు నడిచిందని బయటపడింది. అది మిగిల్చిన బూడిదను లెక్క వేస్తే, అణువుల లోపలి బలాలు ఆనాడూ ఈనాటి మాదిరిగానే ఉన్నాయని, కొలవగలిగినంత మేరకు, తేలింది.

ఇప్పుడు అసలు విషయానికి దగ్గరపడ్డాం. కాంతి వేగాన్ని తీసుకోండి. 1676లో రోమర్ గురుగ్రహపు చందమామను చూస్తూ కాంతికి వేగమున్నదని కనిపెట్టాడు. ఆయన పరిశీలనల నుండి అప్పట్లో కట్టిన విలువ నేటి విలువలో మూడు వంతులే, అంటే నాలుగో వంతు తక్కువ. 1862లో ఫూకో సెకనుకు 2,98,000 కిలోమీటర్లన్నాడు. 1879లో మైకెల్సన్ 2,99,910 అన్నాడు. 1983లో 2,99,792.458 అని ఖరారు చేసి, మీటరు నిర్వచనాన్నే దాని మీద కట్టారు. ఈ మూడు వందల ఏండ్లలో మారినది ఏది? కాంతి వేగం కాదు, దాని గురించి మన తెలివిడి. తొలి విలువ తప్పు కదా, కాబట్టి వేగమనేదే లేదు అని ఎవరైనా అంటే నవ్వుతాం. తొలి విలువ పెద్దలు చెప్పింది కాబట్టి దానినే పట్టుకొని ఉండాలి అని అన్నా నవ్వుతాం.

కిలోగ్రాము కథ కూడా ఇలాంటిదే. 1889 నుండి పారిస్ దగ్గర సెవ్ర్‌లో గాజు గంటల కింద దాచిన ఒక ప్లాటినం, ఇరీడియం ముద్దయే ప్రపంచానికంతటికీ కిలో. మన దేశపు నకలు, 57వ నంబరుది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. నూరేండ్లలో ఆ అసలు ముద్దకూ నకళ్ళకూ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ఏది తగ్గింది, ఏది పెరిగింది? అసలునే కొలతగా పెట్టుకున్నాక అది తప్పిందని చెప్పడానికి వేరే తక్కెడ లేదు. అందుకే 2019 మే 20 నుండి ఆ ముద్దను పక్కన పెట్టి, ప్లాంక్ స్థిరాంకం మీద కిలోను నిలబెట్టారు. ఒకరి బీరువాలో ఉన్న వస్తువు నుండి, ఎవరి బీరువాలోనూ లేని, ఎవరైనా పరీక్షించుకోగల కొలతకు లోకం మారింది. కుంచం ఆసామి ఇంట్లో ఉన్నంతకాలం న్యాయం ఆసామి దయే. ఈ మార్పు వెనక ఉన్న నీతి మన రైతుకు శాస్త్రజ్ఞునికంటే బాగా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక ఆకర్షణ ఉన్నది, దాని విషయంలో జాగ్రత్త కావాలి. ఈ స్థిరాంకాల విలువలు ఇంత చక్కగా కుదిరాయి కాబట్టి దేవుడున్నాడని శాస్త్రమే రుజువు చేసిందని కొందరు ప్రసంగిస్తారు. ఆశ్చర్యపడవలసిన సంగతులు ఉన్న మాట నిజమే. నక్షత్రాల్లో మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలంటే కార్బన్‌లో ఒక ప్రత్యేక శక్తిమట్టం ఉండితీరాలని 1953లో ఫ్రెడ్ హాయిల్ ముందుగా ఊహించాడు, అది ఉన్నదని ప్రయోగంలో తేలింది. అది గణనీయంగా అటూ ఇటూ అయితే మన శరీరాలకు కావలసినంత కార్బన్ ఉండేది కాదు. కానీ దీన్ని తొందరపడి రుజువుగా వాడవద్దని మనకు నేర్పినవాడు ఒక గురువే. బెల్జియం దేశస్థుడైన జార్జ్ లెమైట్ర్ 1923లో గురుపట్టం పొందాడు, 1927లో విశ్వం వ్యాకోచిస్తున్నదని లెక్కకట్టాడు. 1951లో పన్నెండవ పయస్ పోపు గారు ఆ సిద్ధాంతాన్ని సృష్టి కార్యానికి సాక్ష్యంగా చెప్పినప్పుడు లెమైట్ర్‌కు అది ఇబ్బందిగా తోచింది. సిద్ధాంతం రేపు మారవచ్చు, దేవుని మీద విశ్వాసాన్ని దానికి కట్టవద్దు అన్నది ఆయన దృష్టి.

ఆయన జాగ్రత్త ఎంత సరైనదో విశ్వ స్థిరాంకం కథే చెబుతుంది. ఐన్‌స్టీన్ 1917లో దానిని తన సమీకరణంలో చేర్చాడు, తర్వాత అక్కరలేదని తీసేశాడు. లెమైట్ర్ మాత్రం ఉండాలన్నాడు. 1998లో విశ్వ వ్యాకోచ వేగం పెరుగుతున్నదని తేలాక శాస్త్రజ్ఞులు దాన్ని మళ్ళీ తెచ్చిపెట్టారు. 2024, 2025లలో వచ్చిన కొన్ని పరిశీలనలు అది నిజంగా స్థిరమేనా అని మళ్ళీ ప్రశ్నిస్తున్నాయి, ఇంకా రుజువు కాలేదు. స్థిరాంకం అని పేరు పెట్టినంత మాత్రాన స్థిరం కాదు. పరీక్షకు నిలవాలి.

మరి మన జీవితాలకు ఇందులో ఏమున్నది? రెండు తప్పు దారులున్నాయి. ఒకటి, 'అన్నీ మారేవే' అనే దారి. ఒకప్పుడు తప్పన్నది ఇప్పుడు ఒప్పయింది కాబట్టి మంచిచెడులు కూడా పుట్టి కొలత వంటివే, బలవంతుడు చెప్పినదే లెక్క అంటారు కొందరు. రెండోది, 'ఏదీ మారదు' అనే దారి. మన తాతలు చేసినదంతా దేవుని ఆజ్ఞే అంటారు మరికొందరు. మొదటివారు స్థిరాంకాన్ని చూసి అది కూడా కుంచమే అంటున్నారు. రెండోవారు కుంచాన్ని చూసి అది స్థిరాంకం అంటున్నారు.

పెళ్ళికి ఏ బట్ట కట్టాలి, ఎన్ని రకాలు వడ్డించాలి, పూజలో ఏ రాగంలో పాడాలి, ఇవన్నీ కుంచాలు. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మార్చుకోవచ్చు. పొరుగువాని కూలి ఎగగొట్టకూడదు, తల్లిని ఆకలితో పడుకోనివ్వకూడదు, అబద్ధపు సాక్ష్యం చెప్పకూడదు, ప్రతి మనిషీ దేవుని పోలికలో చేయబడినవాడే, ఇవి ఆ తరగతివి కావు. కట్నం ఆచారం అంటారు. ఆచారమే అయితే మార్చడానికి అభ్యంతరమేమిటి? కొడుకు పెళ్ళికి ఒక కొలత, కూతురు పెళ్ళికి ఇంకో కొలత పెట్టుకోవడం, ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం నిషేధించిన రెండు రకాల తూనికరాళ్ళను ఒకే సంచిలో ఉంచుకోవడమే. కులం మాట కూడా ఇంతే. సంఘంలో కుల వివక్ష ఇంకా ఉన్నదని భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకున్నది. మన పూర్వులు అది మారని నియమమనుకున్నారు. నిజానికి అది మనిషి చేసిన దొంగ కుంచం. అది దొంగదని ఎలా తెలిసింది? మనుషులందరికీ గౌరవం ఒకటేనన్న మారని కొలత ముందు పెట్టి చూస్తేనే తెలిసింది. కొలతే లేకపోతే, పాతది తప్పని చెప్పడానికి కూడా వీలుండదు. కాంతి వేగం నిజంగా ఉన్నది కాబట్టే రోమర్ కాలపు లెక్కను సరిదిద్దగలిగాం.

అయితే ఈ పోలికకు ఒక హద్దున్నది. రాయి గురుత్వాకర్షణను మీరలేదు, సోడియం తన గీతను పక్కకు జరపలేదు. వాటి నిలకడలో పుణ్యమూ లేదు, పాపమూ లేదు. మనిషి అలా కాదు. పుట్టికి 850 అని తెలిసీ 900 తూచుకోగలడు. మాటిచ్చి తప్పగలడు. పెళ్ళి పీటల మీద చేసిన ప్రమాణాన్ని పదేండ్లకు మరువగలడు. మరువగలిగీ మరువకపోవడమే మనిషిలో నిలకడ, దానికి విశ్వసనీయత అని పేరు. అది ప్రకృతిలో కొలిచి కనుగొనేది కాదు, ప్రతి ఉదయం మళ్ళీ ఎంచుకోవలసినది. ఖాయంగా దొరికే స్థిరాంకం కంటే, ఎంచుకొని నిలబెట్టుకున్న మాట విలువ ఎక్కువ అని నేనంటాను. ఎందుకంటే ఆ మాట తప్పే వీలుండీ తప్పలేదు.

సొలోమోను జ్ఞానగ్రంథం 11వ అధ్యాయం దేవుడు సృష్టిని కొలత, లెక్క, తూకం ప్రకారం అమర్చాడని చెబుతుంది. సామెతల గ్రంథం 11వ అధ్యాయం దొంగ త్రాసు ఆయనకు అసహ్యమంటుంది. ఈ రెండు మాటలనూ విడివిడిగా చదవడం మనకు అలవాటు. కలిపి చదివితే అర్థం బాగా తెలుస్తుంది. అణువు నుండి నక్షత్రం దాకా ఎక్కడా దొంగ తూకం లేకుండా సృష్టిని నిలిపినవాడు, మన అంగడిలో, మన కళ్ళంలో, మన ఇంట్లో దొంగ తూకాన్ని చూసి ఊరుకోడు.

ఈ వారం మీ ఇంట్లో చదువుకుంటున్న పిల్లలుంటే వారి పుస్తకం వెనక ఉన్న ఆ పట్టిక తెరిపించండి. ఒక్కొక్క స్థిరాంకం దగ్గర ఆగి, ఇందులో ప్రకృతిది ఎంత, మనం పెట్టుకున్నది ఎంత అని అడగండి. వారికి తెలియకపోతే మాస్టారిని అడగమనండి. ఆ తర్వాత ఇంట్లో అందరూ కూర్చొని, మన ఇంటి పద్ధతుల్లో కుంచాలేవి, మారకూడనివేవి అని మాట్లాడుకోండి. పిల్లలు మనకంటే సూటిగా చెబుతారు. అది విని నొచ్చుకోవద్దు. కోతలకు ధాన్యం కొనేవారు, అమ్మేవారు, చేపల రేవులో కాటా పట్టేవారు మన విచారణల్లో చాలామంది ఉన్నారు. ఈసారి కాటా వేసేటప్పుడు అవతలివాడు చూడకపోయినా ముల్లు సరిగ్గా నిలిచేదాకా ఒక్క నిమిషం ఆగండి.